చూసేవాడు వేరు, తీసేవాడు వేరు: అమెరికాలో మోల్డ్ కాంట్రాక్టర్ల లైసెన్సు ఏ రాష్ట్రంలో ఎలా

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మిత్రుడి ఇంట్లో వాషింగ్ మెషీన్ వెనక పైపు సన్నగా కారుతూ ఉండిపోయింది. ఎవరూ గమనించలేదు. ముక్కవాసన వస్తోందని వాళ్లావిడ మెషీన్ జరిపి చూస్తే, గోడ మీద కింది నుంచి ఆరడుగుల పొడవున, ఐదడుగుల ఎత్తున నల్లటి బూజు. దీన్నే ఇక్కడ మోల్డ్ అంటారు. 'ఫ్రీ ఇన్‌స్పెక్షన్' అనే ప్రకటన చూసి ఒక కంపెనీని పిలిచారు. వచ్చినతను గోడంతా మీటర్ తిప్పి, ఫోటోలు తీసి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని అక్కడికక్కడే కొటేషన్ రాసిచ్చాడు. టెస్టు తనే చేస్తాడు, మోల్డ్ తనే తీస్తాడు, చివర్లో అంతా శుభ్రం అనే రిపోర్టు కూడా తనే ఇస్తాడు. మీకు ఏ టెన్షనూ లేదండీ అన్నాడు.

మిత్రుడికి అది నచ్చింది. నాకు ఫోన్ చేసి సంతకం పెట్టేయమంటావా అని అడిగాడు. వద్దన్నాను. టెక్సస్‌లో ఆ సైజు పనికి అతను చెప్పింది చట్టవిరుద్ధం. అదే మనిషి అదే మాట న్యూజెర్సీలో ఎడిసన్‌లో చెప్పి ఉంటే ఏ మోల్డ్ చట్టమూ అడ్డం రాదు. ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందో తెలియకుండా మోల్డ్ కాంట్రాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలో చెప్పలేం.

దీనికి కారణం, కేంద్ర ప్రభుత్వ స్థాయిలో మోల్డ్ లైసెన్సు అనేది అసలు లేకపోవడమే. పర్యావరణ సంస్థ ఈపీఏ సలహా పుస్తకాలు వేస్తుంది కానీ మోల్డ్ కాంట్రాక్టర్లకు సర్టిఫికెట్ ఇవ్వదు. గాలిలో ఇంత మోల్డ్ ఉంటే ప్రమాదం అని చెప్పే జాతీయ పరిమితి కూడా లేదు. ఎవరైనా 'మేం ఈపీఏ సర్టిఫైడ్ మోల్డ్ కంపెనీ' అన్నారంటే మాట్లాడటం అక్కడితో ఆపేయొచ్చు. పాత పెయింట్‌లోని సీసం పనులకు ఈపీఏ సర్టిఫికేషన్ ఉంది. కొందరు ఆ కార్డునే ఇక్కడ చూపిస్తుంటారు.

కాబట్టి ఎవరి రాష్ట్రం వాళ్లది. టెక్సస్, ఫ్లోరిడా, న్యూయార్క్, లూసియానాల్లో, రాజధాని వాషింగ్టన్ డీసీలో మోల్డ్ తీసే పనికి ప్రత్యేక లైసెన్సు ఉంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, జార్జియాల్లో లేదు. వర్జీనియాలో ఒకప్పుడు పెట్టి 2012లో తీసేశారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లు దాదాపు సగం ఇటు, సగం అటు పడ్డాయి.

తేడా ఎంతుందో తెలియాలంటే ఒకే మచ్చను రాష్ట్రం మార్చి చూడండి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, అంటే 16 చదరపు అడుగుల బూజు అనుకుందాం. ఫ్లోరిడాలో, న్యూయార్క్‌లో, డీసీలో 10 చదరపు అడుగులు దాటితే తీసేవాడికి లైసెన్సు ఉండాలి. మీ మచ్చ దాటింది. టెక్సస్‌లో గీత ఒకే చోట కలిసి ఉన్న 25 చదరపు అడుగుల దగ్గర ఉంది. దానికి లోపలే ఉంది కాబట్టి ఎవరైనా చేయొచ్చు. లూసియానాలో చదరపు అడుగులు కాదు, బిల్లు చూస్తారు. కూలీ, సామాను కలిపి 7,500 డాలర్లు దాటితే లైసెన్సు కావాలి. న్యూజెర్సీలో మచ్చ 16 అయినా 160 అయినా మోల్డ్ లైసెన్సు అన్న ప్రశ్నే రాదు.

టెక్సస్‌లో 'కలిసి ఉన్న' అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ పెద్ద మెలిక. ఒక గదిలో 20, ఇంకో గదిలో 20 విడివిడిగా ఉంటే చట్టం దృష్టిలో అవి 40 కావు. ఇంట్లో పడుకునే పిల్లల ముక్కుకు మాత్రం అవి 40యే. చట్టం అడగకపోయినా అలాంటప్పుడు లైసెన్సు ఉన్నవాడినే పిలవమంటాను.

ఇక ఒక్కో రాష్ట్రం సంగతి.

టెక్సస్ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. పేపర్ల బాధ ఎక్కువే అయినా, ఆ పేపర్లే తర్వాత పనికొస్తాయి. దీని వెనక ఒక కథ ఉంది. 2001లో ఆస్టిన్ దగ్గర డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లోని ఒక ఇంటి మోల్డ్ కేసులో జ్యూరీ ఇన్సూరెన్స్ కంపెనీ మీద 3 కోట్ల 20 లక్షల డాలర్ల తీర్పు ఇచ్చింది. పై కోర్టు తర్వాత దాన్ని సుమారు 40 లక్షలకు తగ్గించింది. ఈలోపు రాష్ట్రమంతా మోల్డ్ క్లెయిములు, మోల్డ్ భయం, ఆ భయాన్ని సొమ్ము చేసుకునే కంపెనీలు. 2003లో శాసనసభ లైసెన్సు చట్టం చేసింది. మొదట ఆరోగ్య శాఖ చూసేది. 2017 నవంబరు నుంచి టీడీఎల్ఆర్ అనే లైసెన్సింగ్ శాఖ చూస్తోంది.

ఆ చట్టానికి వెన్నెముక ఒక్కటే: చూసేవాడు వేరు, తీసేవాడు వేరు. అసెస్‌మెంట్ కన్సల్టెంట్ వచ్చి ఎక్కడెక్కడ ఉంది, ఏం తీయాలి, ఎక్కడిదాకా గోడ కోయాలి, పని అయ్యాక దేన్నిబట్టి శుభ్రం అంటాం అన్నది రాసిస్తాడు. దాన్ని ప్రోటోకాల్ అంటారు. రెమెడియేషన్ కాంట్రాక్టర్ దాని ప్రకారం తన పని ప్రణాళిక రాసి, కనీసం ఐదు రోజుల ముందు టీడీఎల్ఆర్‌కి తెలియజేసి, పని చేస్తాడు. అయ్యాక కన్సల్టెంట్ మళ్లీ వచ్చి చూస్తాడు. ఒకే ప్రాజెక్టులో ఈ రెండు పనులూ ఒకరే చేయకూడదు. కాంట్రాక్టర్‌కి 10 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలి. లైసెన్సు నంబరు ఎంఏసీ అని మొదలైతే కన్సల్టెంట్, ఎంఆర్‌సీ అని మొదలైతే కాంట్రాక్టర్. టీడీఎల్ఆర్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే లైసెన్సు బతికుందో లేదో నిమిషంలో తెలుస్తుంది.

చివర్లో చేతికొచ్చే కాగితం పేరు సర్టిఫికెట్ ఆఫ్ మోల్డ్ డ్యామేజ్ రెమెడియేషన్. పని ముగిసిన పది రోజుల్లోపు కాంట్రాక్టర్ ఇంటి ఓనర్‌కి ఇవ్వాలి. దాని మీద కన్సల్టెంట్ సంతకం కూడా ఉంటుంది. చాలామంది దీన్ని రసీదులాగా డ్రాయర్‌లో పడేస్తారు. ఇల్లు అమ్మేటప్పుడు, అంతకు ముందు ఐదేళ్లలో వచ్చిన ఇలాంటి సర్టిఫికెట్లన్నీ కొనేవాళ్లకు ఇవ్వాలని చట్టం. పైగా ఈ కాగితం ఉంటే, పాత మోల్డ్‌ని సాకుగా చూపి ఇన్సూరెన్స్ కంపెనీ ఆ ఇంటికి పాలసీ నిరాకరించడానికి వీల్లేదు. లైసెన్సు లేనివాడు సగం ధరకే చేస్తానన్నప్పుడు ఆ మిగిలే డబ్బుకీ ఈ కాగితానికీ పోలిక పెట్టుకోండి. ఐదారేళ్లలో ఇల్లు అమ్మి వేరే ఊరు మారే ఉద్యోగాలు మనవి. నా లెక్కలో కాగితానిదే బరువు.

అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే పిల్లలకు ఒక మాట. టెక్సస్‌లో పదికి తక్కువ ఇళ్లున్న చిన్న భవనం ఓనర్‌కి, లైసెన్సు లేకుండా అక్కడి మోల్డ్‌ని తనే తీసేసుకునే మినహాయింపు ఉంది. మీరుండేది పెద్ద కాంప్లెక్స్ అయి, బూజు 25 చదరపు అడుగులు దాటితే మెయింటెనెన్స్ కుర్రాడు పెయింట్ డబ్బాతో వచ్చి పైన పూసి పోవడం కుదరదు. ఫోటో తీసి, పక్కన టేపు పెట్టి కొలత కనిపించేలా ఈమెయిల్ చేయండి. నోటిమాటతో వదిలేయకండి.

ఫ్లోరిడాలో 2010 నుంచి డీబీపీఆర్ అనే శాఖ చూసే అసెసర్‌కీ, తీసే రెమెడియేటర్‌కీ వేర్వేరు లైసెన్సులు ఇస్తోంది. ఒకే ఇంటికి రిపోర్టు ఇచ్చినవాడు 12 నెలల్లోపు అక్కడ తీసే పని చేయకూడదు. వినడానికి టెక్సస్‌లాగే గట్టిగా ఉంది. కానీ దీనికో పెద్ద కన్నం ఉంది. జనరల్, బిల్డింగ్, రెసిడెన్షియల్ కాంట్రాక్టర్ల వర్గాన్ని అక్కడ డివిజన్ 1 అంటారు. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు 12 నెలల నిషేధం వర్తించదు. కాబట్టి ఫ్లోరిడాలో 'లైసెన్సు ఉందా' అని అడిగితే చాలదు, 'ఏ లైసెన్సు' అని అడగాలి. జవాబు జనరల్ కాంట్రాక్టర్ అని వస్తే, చట్టప్రకారం అతను రెండు పాత్రలూ వేయొచ్చు. మీరే విడిగా ఒక అసెసర్‌ని పెట్టుకోండి, ఇంకో రెండు కొటేషన్లు తీసుకోండి.

ఫ్లోరిడాలో తుఫాను తర్వాత తలుపు తట్టేవాళ్లు మరో కాగితం ముందు పెడతారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ మా పేరున రాసివ్వండి, డబ్బు మేమే వసూలు చేసుకుంటాం అంటారు. 2023 జనవరి 1 తర్వాత జారీ అయిన ఇంటి పాలసీలకు ఆ రాతకోతలు చెల్లవని చట్టం మార్చారు. ఇంకా అదే పాట పాడుతున్నాడంటే మిగతా విషయాల్లో అతని నిజాయితీ ఏపాటిదో మీరే ఊహించుకోవచ్చు.

న్యూయార్క్ చట్టం 2012లో వచ్చిన శాండీ తుఫాను పుణ్యం. 2015లో సంతకమై 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కార్మిక శాఖ చూస్తుంది. ఇక్కడి ప్రత్యేకత, అసెసర్‌కీ కాంట్రాక్టర్‌కీ మాత్రమే కాదు, లోపల గోడ కోసే పనివాడికీ లైసెన్సు ఉండాలి. కొటేషన్ ఇచ్చిన పెద్దమనిషి కార్డు ఒక్కటి చూసి ఊరుకోకండి. పని రోజున వచ్చిన వాళ్ల కార్డులూ చూడండి. పొద్దున ఎవరినో నలుగురిని ఎక్కించుకొచ్చే వ్యాను ఆ ప్రశ్న దగ్గరే ఇబ్బంది పడుతుంది. అసెసర్ ప్లాన్ రాయడం, చివర్లో తిరిగి చూడటం, ఇద్దరూ వేరుగా ఉండటం ఇక్కడా తప్పనిసరే. న్యూయార్క్ నగరంలో అద్దెకుంటే ఇంకో దన్ను ఉంది. 2018 నాటి లోకల్ లా 55 ప్రకారం మూడు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనాల ఓనర్లు ఏటా మోల్డ్ కోసం చూడాలి, కారణంతో సహా బాగుచేయాలి.

లూసియానా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఒక్క జాగ్రత్త: గీత డబ్బు దగ్గర ఉంది కాబట్టి, ఒకే పనిని రెండు బిల్లులుగా చేసి 7,500 లోపు చూపిస్తామనేవాడితో పెట్టుకోకండి.

లైసెన్సు లేని రాష్ట్రాల్లో ఎంపిక నిజంగా కష్టం. ఎక్కువమందికి సలహా అవసరమయ్యేదీ అక్కడే.

న్యూజెర్సీలో ఇంటి మరమ్మతులు చేసేవాళ్లు రాష్ట్ర కన్స్యూమర్ విభాగంలో రిజిస్టర్ అయి ఉండాలి. నంబరు 13వీహెచ్‌తో మొదలవుతుంది. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి, మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది. ఇవన్నీ మీ డబ్బుకి రక్షణ. అతనికి మోల్డ్ పని వచ్చో రాదో ఆ నంబరు చెప్పదు. కిచెన్ కేబినెట్లు బిగించేవాడికీ అదే నంబరు. కాలిఫోర్నియాలోనూ ఇంతే. అక్కడి కాంట్రాక్టర్ల బోర్డు సీఎస్ఎల్‌బీ లైసెన్సు అడగండి. ఇంటి మరమ్మతు పనికి అడ్వాన్సు ఒప్పందంలో పది శాతం, లేదా 1,000 డాలర్లు, రెంటిలో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదని నియమం. సగం ముందే అడిగాడంటే అక్కడే ఒక విషయం తేలిపోయింది.

మరి పని తెలుసని ఎలా తెలుస్తుంది? ప్రైవేటు సర్టిఫికెట్లే దారి. ఎక్కువగా వినిపించేది ఐఐసీఆర్‌సీ. మోల్డ్ తీసే పద్ధతికి ఆ సంస్థ రాసిన ప్రమాణం పేరు ఎస్520. ఇక్కడ ఒక తికమక ఉంది. వ్యాను మీద 'ఐఐసీఆర్‌సీ సర్టిఫైడ్ ఫర్మ్' అని ఉంటే అది కంపెనీకి. అందులో ఉన్నవాళ్లకు తడి ఆరబెట్టే కోర్సు మాత్రమే అయి ఉండొచ్చు. మోల్డ్‌కి వేరే కోర్సు, పేరు ఏఎంఆర్‌టీ, అది మనిషికి ఇచ్చేది. 'మా ఇంటికొచ్చే సూపర్‌వైజర్‌కి ఏఎంఆర్‌టీ ఉందా, కార్డు చూపిస్తారా' అని అడగండి.

న్యూజెర్సీ వాళ్లకు నేను చెప్పే చిట్కా ఇంకోటి. న్యూజెర్సీకీ న్యూయార్క్‌కీ మధ్య ఉన్న హడ్సన్ నదికి రెండు వైపులా పనిచేసే కంపెనీలు ఉంటాయి. న్యూయార్క్ మోల్డ్ లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్‌ని వెతకండి. ఎడిసన్‌లో ఆ లైసెన్సు అక్కర్లేదు, దాని నియమాలూ ఇక్కడ వర్తించవు. అయినా అతను ఆ శిక్షణ పూర్తి చేసి ఉంటాడు, అవతల పోగొట్టుకునే లైసెన్సు ఒకటి అతని దగ్గర ఉంది. ఒట్టి సర్టిఫికెట్ వాడి కంటే నాకు ఇతనే మేలనిపిస్తుంది.

ఇక అసెసర్ విషయం. లైసెన్సు లేని రాష్ట్రంలో అసెసర్ మీద డబ్బు పెట్టాలా? మోల్డ్ కళ్లకు కనిపిస్తున్నప్పుడు శాంపిల్ టెస్టు సాధారణంగా అవసరం లేదని ఈపీఏ కూడా అంటుంది. నిజమే, ఉందా లేదా తేల్చడానికైతే ఎందుకూ దండగ. కానీ మంచి అసెసర్‌కి మనం డబ్బిచ్చేది అందుకు కాదు. ఎంత గోడ కోయాలో ఆ పనిలో లాభం లేని మనిషి రాసిస్తాడు, అయ్యాక అతనే వచ్చి చూస్తాడు. ఆ రాతను ముగ్గురు కాంట్రాక్టర్లకు పంపితే ముగ్గురూ ఒకే పనికి ధర చెబుతారు. లేకపోతే ఒకడు గోడ మొత్తం అంటాడు, ఒకడు రెండడుగులు అంటాడు, మూడోవాడు మందు కొడితే చాలంటాడు. ఆ మూడు ధరలను పోల్చడం బియ్యాన్నీ బెల్లాన్నీ పోల్చినట్టే. గోడ లోపలికి పాకిందనే అనుమానం ఉన్నా, బేస్‌మెంట్ తడిసినా, ఏసీ డక్టుల దగ్గర ఉన్నా అసెసర్‌ని పెట్టండి. బాత్రూం మూల చెయ్యంత మచ్చకు వద్దు.

అంత చిన్నది మీరే తీసుకోవచ్చు. 10 చదరపు అడుగుల లోపు, అంటే సుమారు మూడడుగులకు మూడడుగులు ఉన్న మచ్చను ఇంటివాళ్లే శుభ్రం చేసుకోవచ్చని ఈపీఏ చెబుతుంది. మురుగునీరు, వరద నీరు వచ్చిన చోటు కాకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పనికి దిగకూడదు. ఎన్-95 మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోవాలి. టైల్స్ లాంటి గట్టి చోట డిటర్జెంట్ నీళ్లతో రుద్ది పూర్తిగా ఆరబెడితే చాలు. షీట్‌రాక్ (గోడలకు బిగించే జిప్సం పలక), కార్పెట్ లాంటివి పీల్చుకున్న బూజు రుద్దినంత మాత్రాన పోదు, ఆ ముక్క తీసి పారేయాలి. మామిడికాయ పచ్చడి జాడీలో పైన బూజు గరిటెతో తీసి కింది పచ్చడి వాడుకున్న ఇళ్లు మనవి. ఆ అలవాటు గోడ దగ్గర పనికిరాదు.

పైన మందు కొట్టేస్తాం, ఫాగింగ్ చేస్తాం అనే కొటేషన్ ఎందుకు వద్దంటే, చచ్చిన మోల్డ్ కూడా అలర్జీ తెప్పిస్తుంది. చంపడం కాదు, తీసేయాలి. మంచి కొటేషన్‌లో ఆ చోటుకి అడ్డంగా మందపాటి ప్లాస్టిక్ తెర, గాలి ఇంట్లోకి రాకుండా బయటికి లాగే మెషీన్, సన్నటి దుమ్మునూ పట్టే హెపా వాక్యూమ్, ఏ గోడ ఎంత కోస్తారో కొలత, చివర్లో ఎవరు వచ్చి చూస్తారో, అన్నీ రాసి ఉంటాయి. అన్నిటికంటే ముందు లీకు ఎవరు ఆపుతారో ఉంటుంది. ప్లంబర్ పని అవ్వకుండా మోల్డ్ పని మొదలుపెట్టేవాడు మళ్లీ పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టే. గోడ తిరిగి కట్టే ఖర్చు చాలా కొటేషన్లలో ఉండదు, విడిగా అడగండి.

మన ఇళ్లలో ఇంకో కారణం తరచూ కనిపిస్తుంది. వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఇండియా వెళ్తూ కరెంటు దండగని హ్యూస్టన్‌లోనో టాంపాలోనో ఏసీ పూర్తిగా కట్టేసి పోతారు. తిరిగొచ్చేసరికి క్లోజెట్‌లో పట్టుచీరల దగ్గర్నుంచి సూట్‌కేసుల దాకా తెల్లటి నూగు. ఏసీని 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరో మరికాస్త పైనో పెట్టి వదలండి, ఇంటికొచ్చే నీటి మెయిన్ వాల్వ్ కట్టండి, తాళం దగ్గర్లో ఉన్న తెలుగు కుటుంబానికి ఇవ్వండి.

ఫ్రిస్కో మిత్రుడు చివరికి ఒక కన్సల్టెంట్‌ని విడిగా పెట్టుకుని, ఆయన రాసిన ప్రోటోకాల్‌ని ముగ్గురికి పంపాడు. ఆ ముగ్గురిలో మొదట వచ్చిన కంపెనీ ఒకటి, వాళ్లను లైసెన్సు నంబరు అడిగాడు. వాళ్ల నుంచి జవాబు రాలేదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు చేశారు. సర్టిఫికెట్ కాగితాన్ని వాళ్లావిడ ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ పేపర్ల ఫైల్లో పెట్టింది.